కుప్పం పశువుల చెక్‌పోస్టు, నేను పెట్టిన ఒక సంతకం

ఈమధ్య మదనపల్లెలో మా ఇంటికి ఇద్దరు కొత్త పశువైద్యులు వచ్చారు. అమ్మాయికి కుప్పం దగ్గర పోస్టింగు, అబ్బాయికి పుంగనూరు. సరిహద్దు మండలాల్లో పని ఎట్లుంటుంది సార్ అని అడిగారు. కాఫీ తాగినంతసేపూ మందుల గురించీ, ఐసుపెట్టెల గురించీ, బదిలీల గురించీ ఏదేదో చెప్పి పంపించాను. వాళ్లు గేటు దాటాక, చెప్పాల్సింది చెప్పలేదని తెలిసింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నా సర్వీసులో ఎక్కువ భాగం అసూయతో గడిచింది. అందరికీ కొద్దోగొప్పో ఉండే అసూయ కాదు. పొద్దున లేస్తూనే ఒక మనిషి గుర్తొచ్చి పళ్లు బిగుసుకునేంత అసూయ. దానివల్ల ఒక పాపం జరిగింది. మీకు ఉపయోగపడే పాఠం నా దగ్గర ఏదైనా ఉంటే అది అదొక్కటే.

సరిహద్దు అంటే

తొంభైల్లో నేను పుంగనూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు గాలికుంటు ఏటా వచ్చేది. పశువు నోట్లో, గిట్టల మధ్య పొక్కులు లేస్తాయి. చొంగ కారుస్తా నిలబడుతుంది, మేత ముట్టదు. పెద్ద పశువు చాలావరకు బతుకుతుంది గానీ పాలు పోతాయి. పాలు తాగే దూడలు మాత్రం నిలబడినవి నిలబడినట్టే పడిపోతాయి.

కుప్పం వైపు ఒక పొలంగట్టు మన రాష్ట్రం, ఇంకో గట్టు తమిళనాడు, కాస్త పక్కకు తిరిగితే కర్ణాటక. ఎద్దును అమ్మేవాడికి ఏ సంతలో రేటుంటే అదే రాష్ట్రం. మేం ఇక్కడ టీకాలు వేస్తే జబ్బు అటునుంచి వచ్చేది. వాళ్లు అక్కడ వేస్తే మన దగ్గర్నుంచి పోయేది. పశువుకు జబ్బు లేదని ఒక్కో రాష్ట్రానికి ఒక్కో కాగితం కావాలి. మూడు కాగితాల కోసం తిరగలేక రైతులు అడవిదారుల్లో తోలుకొని పోయేవాళ్లు.

మూడు రాష్ట్రాలూ తలా కొంత నిధి వేసి, దారులు కలిసేచోట ఒకే చెక్‌పోస్టు పెట్టాలనీ, ఒక డాక్టరు చూసి ఇచ్చిన చీటీ మూడుచోట్లా చెల్లాలనీ నేను ఒక ప్రతిపాదన రాశాను. నలభై పేజీలు, మ్యాపులతో సహా. నేను కాలేజీలో మొదటి ర్యాంకువాణ్ని, అట్లాంటివి బాగా రాస్తానని నాకు పేరు. అది మూడేళ్లు తిరిగి తిరిగి, పక్క రాష్ట్రాలకు మన డబ్బు ఎందుకు పెట్టాలన్న ఒక్క వాక్యంతో వెనక్కి వచ్చింది. అట్లాంటిదే అడ్డుపడుతుందని నాకు ముందే తెలుసు. ఉమ్మడి గోడకు సున్నం ఎవరు కొట్టాలనేదే ఎప్పుడూ తగువు. నేను ఫైలును బీరువాలో పెట్టి, నా తెలివిని ఈ దేశం గుర్తించలేదని బాధపడుతూ కూర్చున్నాను.

గోపాలప్ప

అప్పుడు కుప్పానికి గోపాలప్ప వచ్చాడు. కాలేజీలో నా క్లాసే. నేను ముందు బెంచీ, అతను వెనక బెంచీ. మాది పుంగనూరు దగ్గర భూములున్న కుటుంబం. వాళ్లది గొర్రెలూ ఆవులూ మేపుకునే ఇల్లు. నేను పుస్తకంలో చదివి పరీక్షకు రాసేది, అతను చిన్నప్పుడే దొడ్లో చూసి వచ్చినాడు. అది నాకు అప్పట్నుంచే గిట్టేది కాదు. ప్రాక్టికల్సులో నా చేతికింద తన్నే ఆవు అతని చెయ్యి పడితే నెమరేసేది.

అతను నా ఫైలు అడిగి తీసుకున్నాడు. చదివి ఒకే మాటన్నాడు.

"అంతా బాగుండాది మునిరత్నం. డబ్బు అడిగినావు, అదే తప్పు. డబ్బంటే ఎవురూ ఇయ్యరు. వస్తువు అడగాల."

అతను కాగితం రాయలేదు. మోటారు సైకిలు మీద కర్ణాటక డాక్టరు ఇంటికి పోయి కన్నడంలో మాట్లాడి రాగిముద్ద తిని వచ్చాడు. తమిళ డాక్టరు దగ్గర అరవంలో మాట్లాడి వచ్చాడు. ఒక రాష్ట్రాన్ని రేకుల షెడ్డు అడిగాడు. ఇంకో రాష్ట్రాన్ని టీకామందు అడిగాడు. మన వాళ్లను మనుషుల్ని అడిగాడు. ఎవరి వస్తువు మీద వాళ్ల బోర్డు పెట్టుకోనిచ్చాడు. అంతా కలిపి ఒకే పేజీ. ఏడాది తిరక్కుండా మంజూరైంది.

రైతులకు చీటీ సంగతి చెప్పడానికి కూడా అతనికి నాలాగా ఉపన్యాసం అక్కర్లేకపోయింది. మా వైపు ఊరికి పదిమంది కువైటుకు పోయినవాళ్లే. వాళ్ల ఇళ్లలో ముసలోళ్లకు కూడా వీసా అంటే తెలుసు. "ఇది మీ ఆవుకు వీసా. జబ్బుంటే రాదు, లేకుంటే మూడు రాష్ట్రాలూ తిరగొచ్చు" అని చెప్పేవాడట. ఆ మాట పల్లెల్లో పాకిపోయింది. నా నలభై పేజీల్లో అట్లాంటి మాట ఒక్కటి లేదు.

కొండమీద మీటింగు

చెక్‌పోస్టు మొదలైన కొన్నాళ్లకు హార్స్‌లీ హిల్స్ గెస్టుహౌసులో మూడు రాష్ట్రాల అధికార్లు కూర్చున్నారు. మా జాయింట్ డైరెక్టరు గారు మామూలుగా ఎవర్నీ మెచ్చుకోని మనిషి. ఆయన లేచి గోపాలప్ప భుజం మీద చెయ్యి వేసి, ఇట్లాంటి ఆఫీసరు జిల్లాకొకడుంటే చాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

గోపాలప్ప లేచి, ఈ ఆలోచన ముందు మునిరత్నందే సార్, నేను వాడి ఫైలు చూసే చేసినాను అన్నాడు. అందరూ నావైపు తిరిగి తల ఊపారు. ఆ క్షణాన నేను సంతోషించి ఉండాల్సింది. నాకు ఒళ్లు మండింది. నా వస్తువు తీసుకున్నాడని కోపం ఒకటైతే, దాన్ని అందరి ముందూ అంత తేలిగ్గా తిరిగిచ్చేశాడే అన్న కోపం ఇంకొకటి. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది గదా.

ఇంటికొచ్చాక మా ఆవిడ రేవతితో చెప్పాను. ఆమె, మంచిమనిషి కాబట్టి నీ పేరు చెప్పినాడు, ఇంకొకడైతే చెప్తాడా అంది. ఆ రోజునుంచి గోపాలప్ప సంగతులు ఇంట్లో చెప్పడం మానేశాను.

ఆ సంత రోజు

ఉమ్మడి ఏర్పాటులో ఒక నియమం గట్టిగా పెట్టుకున్నాం. మూడు రాష్ట్రాల్లో ఏ డాక్టరైనా సరే, గాలికుంటు అనుమానం ఒక్క పశువులో కనబడినా వెంటనే చెక్‌పోస్టుకు ఫోను చెయ్యాలి. ఆ సంతనుంచి వచ్చే పశువుల్ని మూడువారాలు గేటు దాటనివ్వరు. నిర్ధారణ అయ్యేదాకా ఆగకూడదు. ఆ వాక్యం నా ఫైల్లోదే, నేనే రాసింది.

ఆ తర్వాతి సంవత్సరం ఒక పుంగనూరు సంత రోజు, పొద్దున్నే ఒక బేరగాడు తెచ్చిన ఎద్దుల జత చూశాను. రెండూ చొంగ కారుస్తున్నాయి. ఒకటి ముందుకాలు ఎత్తి విదిలిస్తోంది. నాకు తెలిసిపోయింది. పదిహేనేళ్లు చూసినవాడికి దూరంనుంచే తెలుస్తుంది.

ఫోను చెయ్యడానికి ఆసుపత్రికి నడిచాను. ఫోను మీద చెయ్యి పెట్టాను కూడా. అప్పుడు నాకు కళ్లముందు కనబడింది ఇది: గోపాలప్ప గేటు వేస్తాడు, జబ్బు ఆగిపోతుంది, ఉమ్మడి చెక్‌పోస్టు మూడు రాష్ట్రాలను కాపాడిందని మళ్లీ కొండమీద మీటింగు పెడతారు, మళ్లీ చప్పట్లు. నేను చెయ్యి తీసేశాను.

మోటు మేతవల్ల నోరు పూసి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. బేరగాణ్ని ఎద్దులు ఇంటికి తోలుకొని పొమ్మన్నాను. రిజిస్టర్లో ఏమీ రాయలేదు.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాయడం మొదలుపెట్టాను. లైను పొడుగ్గా ఉంది, నా మనసు మనసులో లేదు. ఒక్క పశువు నోరు తెరిచి చూడలేదు. లైన్లో లక్ష్మమ్మ అని ఒకామె ఉంది. కుప్పం అవతల పల్లె. యాభై ఏళ్లుంటాయి. ఎన్నో ఏళ్లుగా మేపిన మేకల్ని అమ్మేసి, రెండు సీమావులు కొనింది, ఒకటి దూడతో. ఆ చొంగ కార్చిన ఎద్దులు కట్టిన రాటకు పక్కరాటకే ఆమె ఆవుల్ని కట్టినారు. అది కూడా నాకు తెలుసు. సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె చీటీని రెండు చేతులతో తీసుకుని కొంగున ముడేసుకుంది.

చీటీల పుస్తకం

పదిరోజుల్లో లక్ష్మమ్మ పల్లెలో మొదలైంది. అక్కణ్నుంచి మూడువైపులా పోయింది. ఎన్ని ఊళ్లు, ఎన్ని పశువులు అనేది నేను రాయను. కర్ణాటక వైపు ఒక పల్లెలో ఒకే వీధిలో దూడలన్నీ పోయాయని తర్వాత విన్నాను.

గోపాలప్ప ఒక మధ్యాహ్నం పుంగనూరు వచ్చాడు. వారం రోజులు నిద్రలేని మొహం. నా చీటీ చెక్‌పోస్టు పుస్తకంలో అతికించి ఉంది, అది తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఆమె ఆవులు మొదట పడినాయి. చీటీ నీది. నువ్వు సూసినావా వాటి నోళ్లు?"

"చూశాను. బాగుండాయి" అన్నాను.

చెక్‌పోస్టులో ప్రతి పశువునూ మళ్లీ చూడాలనేది రూలు. ఎవరి సంతకమున్నా సరే. గేటు దగ్గర లక్ష్మమ్మ ఆవుల్ని ఎందుకు మళ్లీ చూడలేదని నేనే అడిగాను. నేరం వాడిమీదికి నెట్టే వీలుంటుందేమోనని.

"మునిరత్నం సంతకం ఉంటే మళ్లీ సూడనక్కర్లేదని మా వాళ్లకు నేనే చెప్పినాను" అన్నాడు.

పుస్తకం తీసుకుని వెళ్లిపోయాడు.

విచారణ జరిగింది. సంతలో పశువులు బాగానే ఉన్నాయి, చెక్‌పోస్టు షెడ్డులో అన్ని ఊళ్ల పశువుల్నీ ఒకేచోట నిలబెట్టడంవల్ల అక్కడే అంటుకుని ఉంటుందని నేను రాసిచ్చాను. నమ్మేటట్టు రాశాను. ఆ విద్య నాకుంది. గోపాలప్ప, రూలు తప్పింది నేనే అని రెండు వాక్యాలు రాసిచ్చాడు. అతన్ని ఎక్కడో మూలనున్న పెద్దమండ్యానికి బదిలీ వేశారు. కుప్పానికి నన్ను వేశారు.

అతని కుర్చీలో

నేను కోరుకున్న కుర్చీ అదే. మొదటిరోజు అందులో కూర్చున్నప్పుడు, సిగ్గులేకుండా చెప్తున్నాను, బాగుందనిపించింది. రెండోరోజునుంచి బాగాలేదు. టీ అంగడతను గోపాలప్ప సారు ఎప్పుడొస్తాడని అడిగేవాడు. కర్ణాటక డాక్టరు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు, రాగిముద్దకు ఎప్పుడూ పిలవలేదు. చెక్‌పోస్టు సిబ్బంది నేను చెప్పింది చేసేవాళ్లు, చెప్పనిది చేసేవాళ్లు కాదు. వాళ్లు ఒకరికొకరు "ఆ సారైతే" అని మొదలుపెట్టి, నేను వస్తే మాట ఆపేసేవాళ్లు. మనిషిని ఊరు దాటించాను గానీ అతని పేరు అక్కడే ఉండిపోయింది.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. పై అధికారి మెచ్చుకోలు మీద అసూయ పడితే అది కొన్నాళ్లకు తగ్గుతుంది. రైతుల నమ్మకం మీద అసూయ పడితే తగ్గదు. ఎందుకంటే దాన్ని ఆర్డరు మీద మార్పించుకోలేరు.

ఏడాది తర్వాత పక్క రాష్ట్రాలవాళ్లు ఈ ఉమ్మడి ఏర్పాటునుంచి తప్పుకుంటామన్నారు. మీ చీటీ నమ్మితే మా దూడలు చచ్చిపోయాయి, మా షెడ్డు మాకు ఇచ్చెయ్యండి, మా టీకాలు మేం వేసుకుంటాం అని వాళ్ల వాదన. తప్పులేదు. దానిమీద కుప్పంలోనే మీటింగు. తప్పంతా పాత ఇన్‌ఛార్జిది, ఇప్పుడంతా సరిచేశాం అని నేను ఒక నోటు తయారు చేసుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమిళ డాక్టరు ఒక ఉత్తరం తీసి అందరికీ చదివాడు. గోపాలప్ప పెద్దమండ్యం నుంచి రాసింది. తప్పు నాది, శిక్ష నాకు వేసినారు, గేటుకు వేయొద్దండి, గేటు పోతే రైతులు మళ్లీ అడవిదావ పడతారు అని ఉంది. ఆయన చదివి, ఇట్లాంటి మనిషిని నేను చూడలేదన్నాడు. మా జాయింట్ డైరెక్టరు గారు భోంచేస్తున్న చెయ్యి ఆపి, తలొంచుకుని కూర్చున్నారు.

తర్వాత ఆ మీటింగులో నేను చేసిన పనికి నన్ను మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే నిజం చెప్పాలి. నాకు అప్పుడు పశ్చాత్తాపం కలగలేదు. చెయ్యని తప్పును నెత్తిన పెట్టుకుని అతను ఇంకా పెద్దవాడైపోతున్నాడే అని భరించలేకపోయాను. ఆ తప్పు నాది. అది కూడా నా దగ్గర్నుంచి తీసేసుకుని గొప్పవాడైపోతాడా అనిపించింది.

భోజనాల తర్వాత నా వంతు వచ్చినప్పుడు, నోటు పక్కన పెట్టి చెప్పేశాను. ఎద్దుల్ని చూసింది, ఫోను చెయ్యనిది, నోళ్లు తెరవకుండా సంతకం పెట్టింది, విచారణలో అబద్ధం రాసింది. పది నిమిషాలు పట్టింది. చివర్లో కర్ణాటక డాక్టరు ఒక్క ప్రశ్న అడిగాడు, ఎద్దుల్ని ఎన్ని గంటలకు చూశావని. పొద్దున ఎనిమిదికి అన్నాను. ఆయన లెక్కేసుకున్నట్టు కిటికీ వైపు చూశాడు. లక్ష్మమ్మ ఆవులు టెంపోలో వచ్చి గేటు దాటింది సాయంత్రం. ఒక్క ఫోనుకు పగలంతా టైముంది.

వాళ్లు ఏర్పాటునుంచి తప్పుకోలేదు. గేటు సరిగ్గానే ఉంది, మనిషి చెడినాడు, మనిషిని మార్చండి అన్నారు. నాకు రావాల్సిన శిక్ష నాకు వచ్చింది. ఆ కాగితాల గోల మీకెందుకు. గోపాలప్పను కుప్పానికి, నన్ను పెద్దమండ్యానికి వేశారు.

ఛార్జి అప్పజెప్పడం

గోపాలప్ప ఛార్జి తీసుకోవడానికి వచ్చాడు. టీకాల సీసాలు, రిజిస్టర్లు, తాళంచెవులు ఒక్కొక్కటీ చూసి తీసుకున్నాడు. అంతా అయ్యాక నిలబడే అడిగాడు.

"ఫోను యాల చెయ్యలేదు?"

"చేస్తే నీకు మంచిపేరు వస్తాదని" అన్నాను.

వేరే ఏదో కారణం చెప్తానని అతను అనుకున్నట్టున్నాడు. భయమనో, మరిచిపోయాననో. కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ఆ అర్థమవడం నేను అతని మొహంలో చూశాను. అతను నన్ను క్షమించినాడని రాస్తే మీకు చదవడానికి బాగుంటుంది. అట్లా జరగలేదు. తాళంచెవులు జేబులో వేసుకుని షెడ్డులోకి పోయాడు. తర్వాత మీటింగుల్లో కలిసినప్పుడల్లా బాగుండావా అని అడిగేవాడు. అంతవరకే.

నాకు అతనిమీద అసూయ పోయిందా అంటే, పోలేదు. తర్వాత అతనికి సన్మానం జరిగిందని పేపర్లో చదివినప్పుడు కూడా వార్త పూర్తి చెయ్యకుండా పేజీ తిప్పేశాను. మీకూ ఒక గోపాలప్ప ఉంటాడు. అసూయ పడొద్దని చెప్పను, చెప్తే మానరు. అది ఉన్న రోజున కూడా ఫోను చెయ్యండి. అంతే.

లక్ష్మమ్మ

కుప్పం వదిలేముందు లక్ష్మమ్మ ఊరికి పోయాను. దూడా, ఒక ఆవూ పోయాయనీ, బతికిన ఆవు పాలు మానేసిందనీ రికార్డుల్లో చదివాను. ఆమె ఇంటి ముందర ఇంకెవరివో మేకలు కట్టేసి ఉన్నాయి, కూలికి మేపుతోందట. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. నీ ఆవుల పక్కన జబ్బు పశువులున్నాయని తెలిసీ చీటీ ఇచ్చానమ్మా అన్నాను.

ఆమె తిట్టలేదు. ఆమెకు ఏదైనా సాయం చెయ్యాలని కొంత డబ్బు తెచ్చాను. అది ఎప్పుడు తియ్యాలా అని నేను చూస్తున్నాను.

"మా ఊరోళ్లు అందురూ అడవిదావన తోలుకొచ్చినారు ఆ దినం" అంది. "చీటీ లేకుండానే. నన్ను కూడా రమ్మనిరి. నేను రాలేదు. పొద్దున్నుంచి మద్దేనం దాకా ఎండలో నీ లైన్లో నిలబడినాను."

"చీటీ కోసం" అన్నాను.

"చీటీ నాకెందుకు డాక్టరప్పా. దాంట్లో ఏముండాదో నాకు సదవను కూడా రాదు. మేకలన్నీ అమ్మి కొనింటి. చదువుకున్నోడివి, నువ్వొకసారి సూస్తావని నిలబడినాను."

తెచ్చిన డబ్బు బయటికి తియ్యలేకపోయాను. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.